పెనుకొండ వర్క్‌షాపులో మా అన్న

నిన్న హిందూపురంలో ఒక లేత్ షెడ్డు ముందు ఆగితే, కాలిన ఇనుమూ నూనే కలిసిన వాసన వచ్చింది. మా అన్న చొక్కా వాసన అది. మన వీధిలో నాతో పెరిగినవాళ్లకు ఆ వాసన గుర్తుందా?

అన్న ఇంజనీరింగ్ సీటు వదిలి, పెనుకొండలో చర్చివాళ్ల వర్క్‌షాపులో పని నేర్చుకోవడానికి చేరాడు. పొద్దున ప్రార్థన, తర్వాత రోజంతా మిషను పని.

"కాలేజీ వద్దని చర్చిలో కూలికి పోతావా?" అని నాయన అన్నతో మాటలు మానేశాడు.

ఒకరోజు మిషను బెల్టులో అన్న చెయ్యి పడింది. ధర్మవరం ఆసుపత్రిలో చేర్చాక పుండు విషమించింది. నాయన వచ్చి మంచం పక్కనే కూర్చున్నాడు.

"నయమైతే మళ్లా ఆడికే పోతా నాయనా" అన్నాడు అన్న.

"నేనే పిల్చుకపోతాలేప్పా" అన్నాడు నాయన.

అన్న బతకలేదు.

కర్మలయ్యాక నాయన నన్ను వెంటబెట్టుకుని ఆ వర్క్‌షాపుకు పోయాడు. అన్న పనిచేసిన మిషను మీద చెయ్యి పెట్టి, పని నేర్పిన ఫాదర్‌ను అడిగాడు.

"మావోడు ఈడ ఏం చేస్తాండె సామీ? కొంచెం చూపించు."