డబ్బులిచ్చినవాళ్లే ముందు ఆనుకోవాలి

కృష్ణ ఒడ్డున లాంచికి నా అంత చవగ్గా రెయిలింగు వేయించినవాళ్లు ఇంకొకరుంటే తీసుకురండి, కాళ్లకు దణ్ణం పెడతాను. యాభై ఎనిమిది వేలు చెప్పిన పనిని నలభై మూడున్నర వేలకు చేయించాను. పద్నాలుగున్నర వేలు మిగిలాయి. రెండు వారాల పని రెండు రోజుల్లో అయిపోయింది. పైగా మామూలు ఇనుప పైపు కాదు, ముఖం చూసుకోవచ్చుననిపించే స్టీలు పైపు. ఆ రోజు సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంప వాయించుకోవాలనిపిస్తుంది. ఈ ఉదయం మా ఎదురు అపార్టుమెంటులో ఎవరో బాల్కనీ గ్రిల్లుకు వెల్డింగు చేయిస్తున్నారు. కాలిన రాడ్డు వాసన, దాంతోపాటు మాడిన పాత పెయింటు చేదు మా వంటింట్లోకి వచ్చాయి. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా నేను కిటికీ దగ్గరే నిలబడి, ఆ వెల్డరు కింద తుప్పు గీకాడా లేదా అని చూస్తున్నాను. గీకలేదు. తుప్పు మీదే అంటించేస్తున్నాడు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి మీద నాకు ఒళ్లు మండిపోయింది. "ముందు కింద గీకవయ్యా!" అని వీధంతా వినబడేలా అరిచాను. అతను ముసుగు ఎత్తి నన్ను ఒకసారి చూసి, మళ్లీ దించుకున్నాడు. అలా అరవడం నాకు రత్నంగారి దగ్గర అబ్బింది.

ఆయన పూర్తి పేరు యేసురత్నం. పటమట దాటాక లారీలు బాగుచేసే సందులో ఒక రేకుల షెడ్డు, అందులో ఆయన, ఆయన బావమరిది దావీదు. సన్నటి మనిషి. నిప్పురవ్వలు పడీ పడీ ముంజేతుల మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు, కనుబొమలు సగం కాలిపోయి ఉండేవి. ఆదివారం తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చంకలో గుడ్డ అట్ట వేసిన బైబిలు. ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి పనికి వస్తే రెట్టింపు ఇస్తామన్నా వచ్చేవారు కాదు. మిగిలిన ఆరు రోజులూ ఎవరో ఒకరిని తిడుతూనే ఉండేవారు.

ఆయన్ని నేను మొదట చూసింది గవర్నర్‌పేటలో, మా నాన్న కొట్లో. మాది స్టీలు సామాన్ల హోల్‌సేలు. మా ఇంట్లో పిల్లలకు ఎక్కాలకంటే ముందు బేరం నేర్పేవారు. రేటు వినగానే ముఖం చిన్నబుచ్చుకోవాలి, మాట్లాడకుండా కొట్టు మెట్లు దిగాలి. మూడో మెట్టు దిగేలోపు వెనక్కి పిలుస్తారు. పిలవకపోతే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, పాపం, అవతలివాళ్లకు ఇంకో అవకాశం ఇవ్వాలి. ఈ విద్యలో మా అన్నలిద్దరూ నా ముందు దిగదుడుపే.

అప్పట్లో కొట్టు పైన గోడౌనుకు రెయిలింగు లేదు. రత్నంగారు వచ్చి నాలుగు రోజులు పనిచేసి వేశారు. చివరి రోజు నాన్న నోట్లు చేతిలో పట్టుకుని, "ఏమయ్యా రత్నం, ఓ రెండొందలు తగ్గించుకో" అన్నారు అలవాటుగా.

"డబ్బుల సంగతి తర్వాతండి. ముందు పైకొచ్చి ఆనుకోండి."

"నేనెందుకయ్యా? మీ దావీదును ఆనుకోమను."

"డబ్బులిచ్చేది దావీదా? ఇచ్చినవాళ్లే ముందు ఆనుకోవాలండి. వీపు బయటికి పెట్టి, బరువంతా వదిలెయ్యండి."

నాన్న భారీ మనిషి. కింద గుమస్తాలందరూ తలలు పైకెత్తి చూస్తున్నారు. ఆయన మెట్లెక్కి, కళ్లు మూసుకుని, దుర్గమ్మను తలుచుకుని వెనక్కి వాలారు. రెయిలింగు కిక్కురుమనలేదు. కిందికి దిగి, అడిగినంతా ఇచ్చేశారు. నాన్న బేరమాడని రోజు అదొక్కటే. మా ఇంట్లో దాన్ని చాలా ఏళ్లు కుటుంబానికి జరిగిన అవమానంగా చెప్పుకున్నాం.

నాన్న పోయాక నా వాటాకు వచ్చిన డబ్బుతో ఒక పాత లాంచి కొన్నాను. నది మీద పుట్టినరోజులు, వనభోజనాలు, ఆఫీసువాళ్ల విందులు. మూడేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక వరదలో తాళ్లు తెంపుకుని, ఎడమ పక్కంతా రేవు మెట్లకు కొట్టుకుంది. రెయిలింగు పైపులు మెలికలు తిరిగాయి. నిలువు కమ్మీలు కొన్ని వేళ్లతో సహా పీకిన మొక్కల్లా వేలాడుతున్నాయి. కార్తీకమాసం ఇంకో మూడు వారాల్లో ఉంది. ఆదివారాలన్నీ బుక్కయిపోయాయి. రత్నంగారిని పిలిచాను.

ఆయన వంగిన పైపుల వంక చూడనేలేదు. మోకాళ్ల మీద కూర్చుని, చిన్న సుత్తితో డెక్కు అంచు పొడవునా కొట్టుకుంటూ పోయారు. మొదట ఖంగు ఖంగుమంది. నాలుగడుగులు పోయాక తడి అట్టపెట్టెను కొట్టినట్టు చప్పుడు. ఇంకోసారి కొడితే సుత్తి మొన రేకులోకి దిగబడింది.

"అంచు మొత్తం పుచ్చిపోయిందమ్మా. అడుగు వెడల్పున కోసేసి, కొత్త ప్లేటు వేసి, దాని మీద నిలువులు నిలబెట్టాలి. రెండు వారాలు. యాభై ఎనిమిది వేలు."

"రత్నంగారూ, నేను అడిగింది రెయిలింగు. మీరు నేల గురించి చెబుతున్నారు."

"రెయిలింగు పైకి కనబడేది. దాన్ని పట్టుకునేది కిందుంటుంది."

"నలభై ఐదు చేసుకోండి. నాన్న నాటి నుంచీ ఉన్నవాళ్లం."

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టారు. "ఏ ముక్క తగ్గించమంటారో మీరే గీత గీయండి షావుకారమ్మగారూ. అక్కడ మాత్రం జనాన్ని నిలబెట్టకండి."

సుద్దముక్క అక్కడే పడేసి, లాంచికీ రేవుకూ మధ్య వేసిన చెక్కపలక మీదుగా మెట్ల మీదికి దిగాను. ఒకటి, రెండు, మూడు. వంగి చెప్పు సరిచేసుకున్నాను. వెనక నుంచి వినబడింది: "దావీదూ, సామాను సర్దు. పోదాం." నా బతుకులో నన్ను వెనక్కి పిలవని మనిషి ఆయనొక్కడే. ఆ కోపంతోనే మర్నాడు ఇంకో వెల్డరును పట్టుకున్నాను. వాడి పేరు చెప్పను. తప్పు వాడిదంటే నాకు సుఖంగా ఉంటుంది, ఆ సుఖం నాకొద్దు. పుచ్చిన అంచు మీదే స్టీలు పైపులు నిలబెట్టి, అక్కడో చుక్కా ఇక్కడో చుక్కా వెల్డింగు పెట్టి, సందుల్లో లప్పం కూరి, పైన వెండి రంగు పెయింటు కొట్టాడు. నేను దగ్గరుండి చూశాను. చూసి, ఇంకో ఐదొందలు తగ్గించమని కూడా అడిగాను.

లాంచి తనిఖీకి ఆఫీసరు ఒకాయన వచ్చాడు. రెయిలింగులో తన మొహం చూసుకుని, దువ్వెన తీసి తల దువ్వుకుని, "సూపర్‌గా ఉంది మేడం" అని కొబ్బరిబోండం తాగి సంతకం పెట్టాడు. దాన్ని తాకనైనా లేదు. ఆ దువ్వెన తలుచుకుంటే ఇవాళ్టికీ నా పళ్లు పటపటలాడతాయి. కానీ ఒక మాట దాచకూడదు. శనివారం సాయంత్రం లాంచి తుడుస్తుంటే, మూడు నిలువుల మొదట్లో లప్పం వెంట్రుకవాసి పగిలి, తుప్పునీళ్లు గోధుమరంగు గీతలా కారడం నేను చూశాను. గుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశాను.

ఆదివారం పొద్దున్న మెట్ల మీద ముప్పై మందికి పైగా ఆడవాళ్లు, పులిహోర గిన్నెలు, దద్దోజనం క్యారియర్లు. ఎక్కించబోతుండగా వాళ్ల మధ్యలోంచి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు దారి చేసుకుంటూ వచ్చింది. ప్రార్థనకు వెళ్లాల్సిన సమయంలో ఆయన అక్కడ ఉండటమే నాకు దడ పుట్టించింది.

"రెండు రోజుల్లో అయిపోయిందంట కదా," అన్నారు లాంచి ఎక్కుతూనే. "డబ్బులిచ్చింది ఎవరు?"

"నేనే. రత్నంగారూ, జనం చూస్తున్నారు. తర్వాత మాట్లాడుకుందాం."

"జనం చూడాలనే వచ్చాను. ఆనుకోండి."

"నాకు పనుంది."

"ఒక్క నిమిషం పని. వీపు పెట్టి ఆనుకోండమ్మా."

నేను కదలలేదు. ఏదో నవ్వబోయాను. నా ముఖంలో ఆయనకు ఏం కనబడిందో, మర్యాద మొత్తం పోయింది. "నీకు తెలుసు!" అని అరిచారు. "తెలిసే ఎక్కిస్తున్నావు వీళ్లని!"

నేను నోరు తెరిచేలోపు చంకలోని బైబిలు నా చేతుల్లో పెట్టారు. రేవు వైపు రెయిలింగుకు వీపు ఆనించి, మా నాన్న చేత చేయించినట్టే, బరువంతా వదిలేశారు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. అప్పడం విరిగినట్టు విరిగింది. నాలుగు నిలువులు లప్పంతో సహా లేచొచ్చాయి. ఆయన వెనక్కి వెళ్లి, కుడి భుజం మెట్టు అంచుకు తగిలి, నడుం దాకా నీళ్లలో పడ్డారు. ఎవరి క్యారియరో దొర్లి, మెట్ల మీదంతా పులిహోర. నేను ఆ పుస్తకాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పడవవాళ్లు ఆయన్ని లేపి కూర్చోబెట్టారు. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని ఊడాయి?"

"నాలుగు."

"ఐదోది కూడా కదిపి చూడు."

భుజం ఎముక మూడు ముక్కలైంది. ఆసుపత్రిలో ప్లేటు వేశారు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ, "పోన్లెండి, పాసింజర్లకేమీ కాలేదు, అదృష్టం" అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో కొందరితో నేనిప్పటికీ మాట్లాడను. అదృష్టమట! ఒక మనిషి ప్రార్థన మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా రేవుకు నడిచి వస్తే దాని పేరు అదృష్టమట.

కోపం ఆయన మీదా తక్కువేం లేదు. మంచం పక్కన కూర్చుని కడిగేశాను. "ఎవరు ఆనుకోమన్నారు మిమ్మల్ని? సుత్తి లేదా? రెండు దెబ్బలు వేస్తే ఊడిపోయేదిగా! అరవై ఏళ్ల మనిషికి ఆ పిచ్చేమిటి?"

"సుత్తితో కొడితే ఊరుకునేదానివా? 'సుత్తితో కొట్టారు కాబట్టి ఊడింది, మనుషులు ఆనుకుంటే ఏం కాదు' అని బేరం పెట్టేదానివి." ఎడమచేత్తో దిండు సర్దుకున్నారు. "నువ్వు మీ నాన్న కూతురివి. బేరానికి వీల్లేకుండా చూపించాలి నీకు."

నేను బయట వరండాలోకి వెళ్లి ఏడ్చాను. ఆయన అన్నది నిజం. ఆ మాట నా నోట్లో తయారుగానే ఉండేది.

రెండో రెయిలింగు ఆయన షెడ్డే వేసింది. ఆయన డెక్కు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుంటే, దావీదు వెల్డింగు చేశాడు. పుచ్చిన అంచు కోసి నదిలో పడెయ్యబోతే ఆపి, ఒక ముక్క నా చేతికిచ్చారు. బొటనవేలితో నొక్కితే పొడైపోయింది. "దీని మీద నిలబెట్టావు," అన్నారు. అంతే. దావీదును మాత్రం పదిహేను రోజులూ తిడుతూనే ఉన్నారు: "చుట్టూ తిప్పు, చుట్టూ! చుక్కలు పెట్టడానికి ముగ్గనుకున్నావా?"

పని అయ్యాక పాత రేటే చెప్పారు. యాభై ఎనిమిది. నేను ఎనభై అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. డెబ్బై ఐదన్నాను. జీవితంలో మొదటిసారి పైకి బేరమాడుతున్నాను, అదెలాగో నాకు చేతకావడం లేదు. "అయితే నేనసలు ఇవ్వను" అని పలక దిగాను. ఒకటి, రెండు, మూడు. చెప్పు కూడా సరిచేసుకున్నాను. పిలవలేదు. నేనే వెనక్కి వెళ్లి, లెక్కపెట్టి, సరిగ్గా యాభై ఎనిమిది ఇవ్వబోయాను.

"ముందు ఆనుకో," అన్నారు.

వీపు నీళ్ల వైపు పెట్టి, కాళ్లు తేలిపోయేంతగా వెనక్కి వాలాను. రెయిలింగు కిక్కురుమనలేదు. ఇప్పటికీ ప్రతి ట్రిప్పుకు ముందు ఒక్కో నిలువు దగ్గరా ఒక్కోసారి అలా వాలుతాను. మొత్తం ఇరవై ఆరు నిలువులు. ఎక్కడానికి నిలబడ్డవాళ్లు, ఈమెకేదో మొక్కుంది కాబోలు అనుకుంటారు.

నిరుడు రత్నంగారు గుండె ఆగి పోయారు. భుజానికీ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నేను అడిగాను కాబట్టి చెప్పాడు.

కొట్లో పుట్టినదాన్ని, బిల్లు వేయకుండా లేవలేను. మొదట మిగిలింది పద్నాలుగున్నర వేలు. నీళ్లపాలైన మెరుపు రెయిలింగుకు నలభై మూడున్నర. నిలబడిన రెయిలింగుకు యాభై ఎనిమిది. ఆసుపత్రికి లక్షా పదివేలు. అక్కడ మాత్రం బేరమాడలేదని రాసుకోవాలని ఉంది, కానీ గది అద్దె దగ్గర ఆడాను. మొత్తం రెండు లక్షల పదకొండున్నర వేలు. ఇక మిగిలింది ఒక కుడి చెయ్యి. ముప్పై ఐదేళ్లు తల మీదికెత్తి వెల్డింగు చేసిన చెయ్యి, ఆ ఆదివారం తర్వాత ఛాతీ దాటి పైకి లేవలేదు. దాని రేటు ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే తగ్గించమంటానేమోనని నాకే భయం.