సుద్దతో వేసిన నంబర్లు

ఇంగ్లండులోని లింకన్ ఊళ్లో ఎడా కిర్క్‌బీ అంటే గౌన్లు కుట్టే మనిషి. భర్త పోయాడు, జర్మనీతో యుద్ధమొచ్చి గౌన్లు కుట్టించుకునేవాళ్లూ కరువయ్యారు. దాంతో యాభై ఏళ్లకి ఇనుప కార్ఖానాలో చేరింది. అక్కడ చేసేవి నీళ్ల తొట్లని బయట చెప్పాలి. నిజానికవి యుద్ధానికి పంపే ఇనుప బండ్లు, ట్యాంకులు. ఇరవై ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు, ఇరవై ఎనిమిది టన్నుల బరువు, లోపల ఎనిమిది మంది మనుషులు! ఎంత తోలినా మనిషి నడకంత వేగమే.

చిక్కంతా వెడల్పుతోనే. రెండు పక్కలా తుపాకులు అమర్చే ఇనుప పెట్టెలు బిగిస్తే దాదాపు పద్నాలుగడుగులు. రైలు సొరంగంలో పట్టదు. అందుకని పెట్టెలు ఊడదీసి విడిగా పంపేవారు. ఏ బండికి ఆ బండే చూసి బోల్టుల రంధ్రాలు తొలిచేవారు కాబట్టి, ఒకదాని పెట్టె ఇంకోదానికి కుదరదు. ఏది దేనిదో తెల్లరంగుతో నంబరు వేయడం ఎడా పని.

ఓ మంగళవారం రంగు అయిపోయింది. రేపు వేద్దాంలే అనుకుని సుద్దతో రాసింది. తెల్లారేసరికి వాన. రెండు బండ్లవి, నాలుగు పెట్టెలూ కడిగిన పళ్లేల్లా ఉన్నాయి. బండ్లు అప్పటికే రైలెక్కాయి. నాలుగింటికి ప్రయాణం.

"ఏదో ఒక నంబరేసెయ్యవే," అంది తనతో పనిచేసే లోటీ. "ఫ్రాన్సులో వాళ్లే చూసుకుంటారు."

"వాళ్లు సుత్తులతో తంటాలు పడుతుంటే అవతలివాళ్లు ఆగుతారా?"

"చెప్తే నీ ఉద్యోగం ఊడుతుంది మరి!"

ఎడా భయమూ అదే. అయినా మేస్త్రీ స్క్రివెన్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"వాన మీదికి తోస్తున్నావా?"

"లేదయ్యా, తప్పు నాదే. ఒక్క రెండు గంటలివ్వండి."

కుట్టుపని కోసం దాచుకున్న గోధుమరంగు కాగితం ఇంటి నుంచి తెచ్చింది. పెట్టె అంచుకి అదిమి, రంధ్రం రంధ్రానికీ పెన్సిలుతో గుర్తు పెట్టింది. ఆ కాగితం పట్టుకుని రైలెక్కి బండికి ఆనించి చూసింది.

"ఆ కాగితం గౌను చేతికా, తుపాకీ పెట్టెకా?" అన్నాడు మేస్త్రీ.

"భుజం దగ్గర కుదరకపోతే రెండూ ఒకటేనయ్యా."

మూడున్నరకల్లా నాలుగూ ఏవి దేనివో తేలి, కొత్త రంగుతో నంబర్లు పడ్డాయి. రైలు కదిలింది. మేస్త్రీ రంగు బ్రష్షు లోటీ చేతికిచ్చి, ఎడా చేతికి చీపురిచ్చాడు. ఇనుప రజను ఊడ్చే పని. ఉద్యోగం ఉంది కదా అని ఎడా ఊడ్చడం మొదలెట్టింది.

"ఫ్రాన్సులో వాళ్లు తిట్టుకోకుండా పెట్టెలు బిగించుకునుంటారు, నీ పుణ్యమే," అంది లోటీ ఓరోజు.

"బిగించుకునే ఉంటారు," అంది ఎడా చీపురు ఆపి. "బండి లోపల మధ్యలో ఇంజనే ఉంటుందే లోటీ. పాపం, ఎనిమిది మందికీ నిలబడ్డానికైనా చోటుండదు."