సరస్వతి పటం కింద ప్రాసెసర్

లక్షణమైన కంప్యూటర్‌ను అరవై డాలర్లకు వదిలించుకోవడం అందరివల్లా అయ్యే పని కాదు. నేను చేశాను. కింది ఫ్లాట్ డాక్టర్ గారు యాభై అంటే అరవైకి ఒప్పించాను కూడా.

మాది కిరాణా కొట్టు కుటుంబం. మా కొట్లో ఇనప తూనికరాళ్లు సైతం వాడగా వాడగా అరిగిపోయేవి. అరగని వస్తువు ఉండదని అప్పుడే తేల్చేసుకున్నాను. అందుకే అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా ఆవిడ వీడియోలో వీణ పాఠం చెబుతుండగా బొమ్మ బిగుసుకుపోతుంటే, ప్రాసెసర్ అరిగిందని తీర్పిచ్చాను. అప్పటికే ఒక పిల్ల మానేసింది. మిగిలినవాళ్లూ పోతే ఈ దేశంలో ఆవిడకు తనదంటూ ఉన్న ఒక్క పనీ పోతుంది.

బేరమాడి ఆరు వందల నలభైకి కొత్తది తెచ్చి, దాన్నీ పాతది ఉండిన చోటే, దేవుడి అర కింద పెట్టాను. వీణ పాఠం సరస్వతి పటం కిందే జరగాలని నా పట్టు.

ఏడాది తిరక్కుండా కొత్తదీ ఆయాసపడసాగింది.

"ఏమండీ, ఇంకో పిల్ల వాళ్ల అమ్మ కూడా బ్రేక్ తీసుకుంటామంటోంది," అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా.

పాతది ఎలా ఉందో చూద్దామని కిందికి వెళ్లాను. గుండె వైద్యం చేసి రిటైరైన డాక్టర్ గారి బల్ల మీద మా పాతది చప్పుడు లేకుండా నడుస్తోంది.

"ప్రాసెసర్ మార్చారా డాక్టర్ గారూ?"

"ఎందుకయ్యా? గుండె గట్టిదే, ఊపిరే ఆడలేదు. మూత తీస్తే ఫ్యాన్ నిండా అగరబత్తి మసి, దుమ్ము. బ్రష్‌తో దులిపాను. చిప్ మీద వేడిని లాగేసే పేస్ట్ ఎండిపోతే కొత్తది రాశాను."

"మరి ఇవి అరగవా?"

"అరుగుతాయిలే. మన వాడకానికి అది అరిగేలోపు మనమే అరుగుతాం. వేడెక్కితే తనను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది, అంతే. జ్వరమొస్తే నువ్వు పరిగెడతావా?"

"అప్పుడే చెప్పొచ్చుగా."

"పది డాలర్లు ఎక్కువ గుంజావు. పైన సలహా కూడానా?"

మెట్లెక్కుతూ ఆలోచించాను. అరిగిన రాయి నోరెత్తకుండా తప్పు తూస్తుంది. ఇది పాపం రొప్పుతూ చెబుతూనే ఉంది. నేనే దాన్ని రాయి లెక్కన చూశాను.

కొత్తదాన్ని దులిపి కిటికీ పక్కకు మార్చాను. బొమ్మ మళ్లీ బిగుసుకోలేదు.

ఇక లెక్క. పాతదాన్ని బాగుచేయడానికి బ్రష్, పేస్ట్ కలిపి పదకొండు డాలర్లు సరిపోయేవి. నా తెలివికి అయింది, పాతదాని అరవై పోను, ఐదు వందల ఎనభై. వెళ్లిన పిల్లలిద్దరిలో ఒకతే తిరిగొచ్చింది. రెండో పిల్ల నష్టం నా పేరునే రాశాను. భరించింది మాత్రం మా ఆవిడ.