పాసయ్యే పుస్తకం

మా అక్క కోసం బీజగణితం పుస్తకం ఏరుకొచ్చింది నేనే. ఇంకొకరి మీదికి తోసేయడానికి వీల్లేదు. నల్లగొండ గడియారం స్తంభం దగ్గరి పుస్తకాల దుకాణంలో రెండు పుస్తకాలు చేతుల్లో పట్టుకుని, ఇది వద్దు, అదే ఇవ్వమన్నది నేనే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నా తెలివి తగలెయ్య.

మాది చౌటుప్పల్ పక్కన నేతపని ఊరు. బాపు మగ్గం మీద, అమ్మ నూలు చుట్టే కండెల దగ్గర, అక్క ఆసు దగ్గర కూర్చునేవాళ్లు. ఆసు అంటే మేకులు కొట్టిన చెక్క చట్రం. ఈ కొసన ఒక్క మేకు, ఎదురుగా వంపు తిరిగిన వరసలో బోలెడన్ని మేకులు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూనే ఉండాలి. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా చెయ్యి ఆగదు. ఏడో తరగతి పాసైన వారానికే అక్క దాని ముందు కూర్చుంది. కొన్నేళ్లకు నా వంతు వచ్చేసరికి నన్ను మాత్రం నల్లగొండ హాస్టల్లో వేశారు. ఆసు తిప్పడానికి ఇంట్లో ఒక పిల్ల ఉండనే ఉంది కదా, రెండో పిల్లతో పనేముంది?

అక్కది మామూలు చూపు కాదు. బాపు గళ్ల కాగితం మీద వేసిన డిజైను తెచ్చేవాడు. ఏ పోగుల మీద సైకిలు ట్యూబు ముక్కతో ముడి కట్టాలో అక్క దాన్ని చూసి చెప్పేది. ముడి కట్టిన చోట రంగు అంటదు, పువ్వు తెల్లగా మిగులుతుంది. ఒక్కోసారి ఆ కాగితం వేసినాయనే ఒక గడి తప్పు వేసేవాడు. అక్క పక్క పువ్వును చూసి ఆ తప్పు పట్టేది, ఎవరినీ అడక్కుండా సరిచేసి కట్టించేది. "గీ పిల్ల లేకుంటె చీర ఆగమైతుండె" అనేవాడు బాపు. అక్కకు మా ఇంట్లో దక్కిన మెప్పు అదొక్కటే.

ఇరవై రెండేళ్లకే ఆమె కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోయేది కాదు. దవాఖానలో ఆసు మానెయ్యమన్నారు. మానేసి ఏం చెయ్యాలో దవాఖానలో ఎందుకు చెప్తారు? ఆ సంవత్సరమే మా ఊళ్లో అంగన్‌వాడీ పెడతారని, పది పాసైన ఆడమనిషికి ఆ పని ఇస్తారని తెలిసింది. ఊళ్లో అలాంటి ఆడమనిషి ఒక్కతీ లేదు. అక్క ప్రైవేటుగా పదో తరగతి పరీక్షకు కట్టింది.

"అన్ని సదువుకుంటె వస్తయి గని, గా అక్షరాల లెక్కలే నాకు తెల్వయి చెల్లె" అంది నేను హాస్టలుకు బయల్దేరుతుంటే. "నువ్వేమో ఎప్పుడో సెలవులకు వస్తవు. పంతులు లేకున్నా నేర్పే పుస్తకం ఉంటదేమో జర సూసి తే."

దుకాణంలో తెల్లగడ్డం ముసలాయన రెండు పుస్తకాలు నా ముందు పెట్టాడు. ఒకటి పలచటి వర్కుబుక్కు. ప్రతి పేజీలో పైన ఒక లెక్క చేసి చూపించి, కింద అంకెలు మార్చి ఇంకొన్ని ఇచ్చి, చేసుకోవడానికి ఖాళీ జాగా వదిలారు. రెండోది ఇటుకంత గైడు. అందులో ఖాళీ అన్నదే లేదు. లెక్కలన్నీ చేసిపెట్టి ఉన్నాయి.

"నేర్సుకోవాల్నంటె గిది బేటీ, పాసు గావాల్నంటె గది" అన్నాడు. "ఎవరికి?"

"మా అక్కకు. ఏడు సదివింది."

"గట్లయితె గీ సన్నదే తీస్కపో."

ఆయన చెప్పనే చెప్పాడు. నేనే వినలేదు. ఆసు తిప్పుకునే అక్కకు నేర్చుకోవడాలెందుకు, పాసైతే చాలదా అనుకున్నాను. హాస్టల్లో నాలుగు రోజులు చదివేసరికి నా తోడబుట్టినదాని బుర్ర ఎంతో కొలిచేంత దాన్నయ్యాను. గైడే తీసుకున్నాను.

అక్క దాన్ని ఆసు పక్కన పీట మీద తెరిచి పెట్టుకుంది. చెయ్యి పోగు తిప్పుతుంటే నోరు లెక్కలు చదివేది. నేను సెలవులకు వచ్చేసరికి సగం గైడు కంఠతా వచ్చేసింది. "అరవై రెండో పేజీ" అంటే చాలు, "తండ్రీకొడుకుల వయసులు కలిపితే అరవై, కొడుక్కు మూడింతలు తండ్రి, తండ్రి నలభై ఐదు, కొడుకు పదిహేను" అని మధ్యలో గీసిన గీతలతో సహా అప్పజెప్పేది. డిజైను కాగితం నేర్చుకున్నట్టే నేర్చుకుంది. నేను చప్పట్లు కొట్టాను. "నీకు ఫస్టు క్లాసే పో" అన్నాను. ఒక్కసారి, ఒక్క అంకె మార్చి అడిగిన పాపాన పోలేదు.

లెక్కల పరీక్ష రోజు నేను సెంటరు గేటు బయట కూర్చున్నాను. అక్క నవ్వుకుంటూ వచ్చింది.

"పేపర్ల మూడు నాలుగు కాడ తప్పులు పడ్డయి చెల్లె" అంది. "గా తండ్రీకొడుకుల లెక్కల మూడింతలు ఉండాల్సిన కాడ నాలుగింతలని అచ్చయింది. ఏం ఫికర్ లేదు, నేను సరిజేసి రాసిన."

అక్క నాకు పల్లీలు కొనిపెట్టింది. బస్సులో దారంతా అంగన్‌వాడీ పిల్లలకు ఏం నేర్పాలో చెప్పుకుంటూ వచ్చింది. ఆ పల్లీల పొట్లం ఊరొచ్చేదాకా నా చేతిలో విప్పకుండానే ఉంది.

లెక్కలు తప్ప అన్నీ పాసైంది. ఆ అంగన్‌వాడీ పని పక్కూరి నుంచి వచ్చే ఒకామెకు ఇచ్చారు. మళ్లీ కట్టమని ఎంత బతిమాలినా అక్క వినలేదు. "నా బుర్రల గా లెక్కలు లేవు తీ" అని భుజానికి పసుపు పట్టు వేసుకుని మళ్లీ ఆసు ముందు కూర్చుంది. ఇంకో పదేళ్లు తిప్పింది. చివరికి ఆ చెయ్యి భుజం దాకా కూడా లేవకుండా పోయింది.

నేను టీచరునయ్యాను. ఆలంపూర్ దగ్గర ఒక బడిలో పని. అక్కడి బీరువాలో ఒకరోజు ఆ పలచటి వర్కుబుక్కు కనపడింది. అదే అట్ట. ఎందుకు తీశానో, ఏం బాగుపడుతుందని తీశానో తెలియదు, సెలవులకు ఇంటికి తీసుకెళ్లాను.

మధ్యాహ్నం అన్నానికి ముందు అక్క దాన్ని తిరగేసింది. "గీ ఎక్స్ అంటె ఏంది అసలు?" అంది. గైడంతా అప్పజెప్పిన మనిషి అడిగిన ప్రశ్న అది.

"ఎంతో మనకింకా తెల్వదన్నట్టు అక్కా."

పేజీలో ఆ అక్షరం మీద వేలు పెట్టింది. "అంటె ముడి కింద రంగు లెక్క. విప్పేదాంక కనపడది. గని పక్క పువ్వును సూస్తె తెలుస్తది."

ముప్పై మంది పిల్లలకు ఎక్స్ చెప్పే నాకు అంత సులువుగా చెప్పడం ఏనాడూ రాలేదు. అక్క పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆ చేత్తోనే మెల్లగా నాలుగు పేజీలు నింపింది. అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు. తర్వాతి పేజీలో తండ్రీకొడుకులు వచ్చారు. కలిపితే అరవై, నాలుగింతలు. తండ్రి నలభై ఎనిమిది, కొడుకు పన్నెండు అని రాసి, పెన్సిలు కింద పెట్టింది.

"గప్పుడు పేపర్ల తప్పు పడలేదన్నట్టు" అంది.

నేను ఆమె నింపిన పేజీలు సరిచూస్తున్నట్టు తిప్పాను.

"గీ పుస్తకం గప్పుడు గా దుకాణంల లేకుండెనా చెల్లె?"

"లేకుండె అక్కా."

"లేకుంటె నువ్వేం జేస్తవ్ తియ్యి" అని, ఎడమ చేత్తో నా తల నిమిరింది.