నోరెండిన మోటివేషన్ క్లాసు

పోయిన ఎండాకాలం రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో పనిచేసేదాన్ని. తాగే నీళ్ల క్యాన్లు రావడం ఆగిపోయింది. అడిగితే, మాలో ఉత్సాహం తగ్గిందని మా ఓనరు బెంగళూరు నుంచి ఒక సారును పిలిపించాడు. ఆయన చల్లటి నీళ్ల సీసా పక్కన పెట్టుకుని పాఠం చెప్పాడు. ఎంకరేజ్ అంటే భుజం తట్టడమట, ఇన్‌స్పైర్ అంటే లోపల దీపం వెలిగించడమట, మోటివేట్ అంటే మనిషిని లేపి నడిపించడమట.

డౌట్లుంటే అడగమన్నాడు. లేచాను.

"నోరెండిపోతాండాది సార్. నీళ్లొచ్చేదాంకా మిషన్ తొక్కేది లేదు. రాండక్కా, పోదాం!"

హాలంతా నా వెనకే నడిచింది. గేటు దగ్గర ఓనరు అడ్డమొచ్చి, "ఏమ్మే, ఆడోళ్లను రెచ్చగొడతాండావా?" అని అరిచాడు. వెనకే వచ్చిన సారు, "దీన్ని ప్రొవోక్ అంటారు" అని ఆయనకూ పాఠం చెప్పాడు.

సాయంత్రానికి క్యాన్లు వచ్చాయి, నా పని పోయింది. తేడా మాత్రం బాగా ఒంటబట్టింది. మిషన్ల వైపు నడిపిస్తే మోటివేట్, నీళ్ల వైపు నడిపిస్తే ప్రొవోక్.