పాప బుగ్గలు తగ్గిన వసంతం

ఆ ఏడాది ఈ పరాయి దేశంలో మేముండే బాతెల్‌ ఊళ్లో వాన ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. కిటికీ అవతల పొగమంచు, ఇవతల నేనూ పాపా. దానికి ఆరేళ్లు. పొద్దున్నే కళ్లు తెరవలేనంతగా రెప్పలు ఉబ్బి ఉండేవి. ఇంకా నిద్రలోనే ఉందనుకుని నేనూ పక్కన ఒరిగేదాన్ని. ఎవరి ఊపిరి ఎవరిదో తెలిసేది కాదు. లేచాక చిన్న కాగితపు పట్టీని మూత్రంలో ముంచి చూడాలి. పసుపురంగులో ఉంటే మంచిది. మాది రోజూ ముదురు ఆకుపచ్చలోకి తిరిగేది. ఒంట్లోని ప్రోటీన్ కిడ్నీల్లోంచి జారిపోతోందని దానర్థం.

స్టెరాయిడ్ మొదలుపెట్టారు. చాలామంది పిల్లలకి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుందన్నారు. మా పాపకి జబ్బు తగ్గలేదు గాని బుగ్గలు మాత్రం పూర్ణం బూరెల్లా పొంగాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. పైగా ఆకలి, చిరాకు. ఈ జబ్బుకి ఉప్పు కూడదన్నారని చప్పటి పప్పన్నం పెడితే నా మొహంలోకి చూసి, "అమ్మా, ఇది యక్కీ" అనేది. నాకు ఒళ్లు మండేది, దాని మీద కాదు, ఆ మందు మీద.

చివరికి డాక్టరు జన్యుపరీక్ష చేయిద్దామంది. ఆ పరీక్ష గురించి వివరించడానికి వచ్చిన అమ్మాయి ముందుగా అడిగింది, మీరూ మీ ఆయనా దగ్గరి బంధువులా అని. కాదని గట్టిగా, కాస్త గర్వంగానే చెప్పాను. మేనరికం చేసుకుంటే పిల్లలకి జబ్బులొస్తాయని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పి, బంగారంలాంటి మా బావని వద్దని, ఏ చుట్టరికమూ లేని ఈయన్ని చేసుకున్నదాన్ని మరి.

ఫలితం వచ్చింది. ఒకే జన్యువులో నాకు ఒకచోట, ఆయనకి మరోచోట తప్పు ఉంది. ఒక్కొక్కటే కాబట్టి మాకేమీ కాలేదు. పాపకి రెండూ చేరాయి. రక్తాన్ని వడకట్టే జల్లెడే పుట్టుకతో వదులుగా ఉందనీ, స్టెరాయిడ్‌తో అది బిగుసుకోదనీ చెప్పింది డాక్టరు. మెల్లగా మందు ఆపేద్దామంది. ఎప్పటికో ఒకప్పటికి కొత్త కిడ్నీ కావాలి, అందులోకి ఈ జబ్బు సాధారణంగా తిరిగి రాదు అని కూడా అంది. అన్నీ బుద్ధిగా విన్నాను. కారులో మాత్రం ఆయనా నేనూ చాలాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మందు తగ్గించిన కొద్దీ బుగ్గలూ తగ్గాయి. వీధిలో చెర్రీ పూలు రాలుతున్న రోజుల్లో దాని పాత మొహం కొంచెం కొంచెంగా, ముందు గడ్డం, తర్వాత ఎడమ బుగ్గ మీది సొట్ట, తిరిగొచ్చింది. పని మానేసి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. కలలో ఉన్నట్టే ఉండేది. పట్టీ మాత్రం రోజూ ఆకుపచ్చే.

అప్పుడే తెలిసినవాళ్లింట్లో పుట్టినరోజుకి వెళ్లాం. ఆ ఇంటావిడ పాప గడ్డం పట్టుకుని మురిసిపోయింది.

"ఎంత బావుందో చూడండి. మందు భలే పనిచేసిందే. ఏ డాక్టరండీ?" అంటూ గిన్నెడు జంతికలు దాని చేతిలో పెట్టింది. "ఇంకేం, తగ్గిపోయిందిగా. తినమ్మా."

పాప తినలేదు. గిన్నె పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. దాని కళ్లలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో.

"అమ్మా, నాకు తగ్గిపోయిందా? ఆంటీ చెప్పింది."

అవునంటే ఆ పూట గడిచిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"లేదమ్మా. ఆ మందు నీకు పనిచేయదు. అందుకే ఆపేశాం."

ఏడుస్తుందనుకుని చేతులు చాపాను. ఆ చేతుల్లో గిన్నె పెట్టింది.

"అయితే నువ్వు తిను. నీకు ఈ జబ్బు లేదు కదా."

అందులో సగం నా దగ్గర్నుంచే వచ్చిందని ఆరేళ్ల పిల్లకి ఎలా చెప్పను? అది నన్నే చూస్తోంది. ఒక జంతిక విరిచి నోట్లో పెట్టుకున్నాను.