నోట్లో బ్రష్షు, కాక ఖురూజ్

సౌదీలోని తబూక్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫైళ్లు సర్దడం నా ఉద్యోగం. దాంతోపాటు దూరవిద్యలో లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. ఆ శుక్రవారం పొద్దున మంచం మీద కూర్చుని, సమాచారం ఎలా పుడుతుంది, అది జ్ఞానం ఎప్పుడవుతుంది అన్న పాఠం బట్టీ పడుతున్నాను. తలెత్తి చూస్తే ఎదురు మంచం మీద కాక ఏడుస్తున్నాడు.

కాక మా గదిలో పెద్దవాడు. జగిత్యాల వైపు మేస్త్రీ. ఆరేళ్ల తర్వాత ఇంటికి పోతున్నాడు. ఆదివారం విమానం. సూట్‌కేసుకు తాడు కూడా కట్టేశాడు.

"నా మీద హురూబ్ వెట్టిండ్రంట బిడ్డా. ఇగ జైల్లేస్తరు," అన్నాడు.

పుస్తకం పక్కన పడేశాను. హురూబ్ అంటే మనిషి పని వదిలి పారిపోయాడని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పెట్టే కేసు. అది పడితే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. కానీ బుధవారం ఆఫీసు కంప్యూటర్లో కాక పేరుకెదురుగా ఖురూజ్ అని నేనే చూశాను కదా! ఖురూజ్ అంటే దేశం దాటడానికి అనుమతి. రెండ్రోజుల్లో ఎవరేం తిరకాసు పెట్టారు?

"ఎవలు చెప్పిండ్రు?" అని అరిచాను.

కాక పక్కగది ఎలక్ట్రీషియన్ వైపు చెయ్యి చూపించాడు. అతను మా గదిలో ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"నేనేడ చూసిన అన్నా? వంటాయన చెప్పిండు. కాకకు జర జల్ది తెల్వాలెనని చెప్పిన."

"జల్ది సంగతి తర్వాత. చూడకుండ ఎట్ల చెప్తవు?" అని విరుచుకుపడ్డాను. మూలం వెతకాలని అప్పుడే చదివాను మరి! పెద్ద పండితుడిలా చెప్పులు టపటపలాడిస్తూ వంటగదికి పోయాను.

వంటాయన బంగ్లాదేశ్ మనిషి. ఉల్లిగడ్డలు కోస్తూ నన్ను వింతగా చూశాడు.

"ఆప్ హీ తో బోలే థే, భాయ్."

నేనే చెప్పానట! గురువారం పొద్దున నల్లా దగ్గర, నోట్లో బ్రష్షు పెట్టుకుని, నురగ కారుతుండగా, చాచాకు హురూబ్ వచ్చిందన్నానట. పైగా నవ్వుతూ అన్నానట. ఆ నవ్వెందుకో తనకు అర్థం కాలేదట.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నేనన్నది ఖురూజే. నురగలో పడి హురూబ్ అయింది. అయినా భయం పోలేదు. కాక ఫోన్లో సర్కారు యాప్ తెరిపించాను. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారి తెరుచుకుంది. ఖురూజ్ నిహాయి. ఇక తిరిగి రానక్కర్లేని అనుమతి.

"ఖురూజే కాకా! ఖురూజే!"

"నీ నోట్లె మన్నువడ! పాణం వోయినంత పనైంది గదరా," అని వీపు మీద ఒక్కటిచ్చి, నన్నే పట్టుకుని మళ్లీ ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. హమ్మయ్య! ఆ మధ్యాహ్నం పప్పన్నం ఇద్దరం రెండేసి సార్లు పెట్టించుకున్నాం.

ఆదివారం కాక ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఇమానంల కూసున్న."

"నిజమేనా కాకా?"

"ఎవలో చెప్పింది గాదు. కిటికీ పక్కపొంటి కూసున్న, నా కండ్లతోని చూస్తున్న. నువ్వు మాత్రం బ్రష్షు తీసినంకనే మాట్లాడు."